దరువు కావాలి, మాట వద్దు

అమెరికా డాలరు నోట్ల మీద ఎవరి బొమ్మలుంటాయో ఎప్పుడన్నా చూశారా? 1 డాలరు నోటు మీద జార్జి వాషింగ్టన్. 2 డాలర్ల నోటు మీద జెఫర్సన్. 20 డాలర్ల నోటు మీద ఆండ్రూ జాక్సన్. ముగ్గురూ ఆ దేశాన్ని ఏలిన అధ్యక్షులు. ముగ్గురూ నల్లవాళ్లని బానిసలుగా పెట్టుకుని చాకిరీ చేయించుకున్నవాళ్లు. అక్కడి వీధి భాషలో డబ్బుకి 'చచ్చిన ప్రెసిడెంట్లు' అని ఒక మారుపేరుంది. తన ముత్తాతని సంతలో కొన్న బాపతు మనిషి బొమ్మని జేబులో పెట్టుకుని, దాంతోనే పిల్లలకి రొట్టె కొనాల్సిన జాతి నోట్లో ఆ మాట ఎట్లా పలుకుతుందో ఊహించుకోండి. అందులో ఎగతాళీ ఉంది, కడుపుమంటా ఉంది. ఆ మాటనే పొట్టి చేసి 'డెడ్ ప్రెజ్' అని పేరు పెట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు పాట కట్టారు. ఒకతను స్టిక్‌మ్యాన్. ఇంకొకతను ఎం-వన్. ఇవి అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావు, పాటకోసం పెట్టుకున్నవి.

"అమెరికా పాటగాళ్లతో మనకేం పని? మన ఊళ్లో సమస్యలు చాలకనా?" అని అడిగే మిత్రులుంటారని తెలుసు. వాళ్లకి రెండు సంగతులు గుర్తుచేస్తాను. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి కావాలని అడిగారు. అంటరానివాళ్ల స్థితికీ నల్లవాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందని రాశారు. డుబోయిస్ బదులిచ్చాడు. 1972లో బొంబాయిలో లేచిన మన కుర్రాళ్లు తమకి దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు 1966లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టిన బ్లాక్ పాంథర్ పార్టీ నుంచి తెచ్చుకున్నదే. అంటే ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు ఇవాళ కొత్తగా మొదలైనవి కావు. పైగా బడిపంతులునైన నన్ను పట్టుకుని వదలని సంగతి ఒకటి వీళ్ల కథలో ఉంది. వీళ్లిద్దరూ కలిసింది ఒక కాలేజీలో. అది మామూలు కాలేజీ కాదు.

ఫ్లోరిడా రాష్ట్రానికి రాజధాని తలహసీ. 1887 అక్టోబరు 3న అక్కడ నల్లవాళ్ల కోసం ఒక ట్రెయినింగ్ కాలేజీ తెరిచారు. బడిపంతుళ్లని తయారుచేసే కాలేజీ అది. 15 మంది విద్యార్థులు, ఇద్దరు మేష్టర్లు. ప్రేమకొద్దీ తెరిచారనుకునేరు! తెల్లపిల్లల సరసన నల్లపిల్లలు కూర్చోకూడదు గనక విడిగా తెరిచారు. మన ఊళ్లలో హరిజనవాడ బడి విడిగా పెట్టినట్టే. అయితే ఏ పెద్దమనిషీ ముందుగా ఊహించనిది ఒకటుంది. జనాన్ని విడిగా ఒకచోటికి తోస్తే ఆ చోట జనం కూడుకుంటారు. కూడుకున్నాక మాట్లాడుకోకుండా ఉంటారా? ఆ చిన్న కాలేజీయే పెరిగి పెద్దదై ఇవాళ ఫ్లోరిడా ఏ అండ్ ఎం యూనివర్సిటీ అయింది.

1956 మే 26న ఆ యూనివర్సిటీ ఆడపిల్లలిద్దరు, విల్‌హెల్మినా జేక్స్, క్యారీ ప్యాటర్సన్, తలహసీ సిటీ బస్సెక్కారు. వెనక సీట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. ముందు తెల్లవాళ్ల వైపు ఖాళీ ఉంటే కూర్చున్నారు. డ్రైవరు లేవమన్నాడు. మా టికెట్ డబ్బులు మాకిచ్చెయ్, దిగిపోతాం అన్నారు వాళ్లు. డబ్బులివ్వకుండా పోలీసుల్ని పిలిచాడు. అల్లర్లు రేపే పని చేశారని కేసు కట్టారు. వాళ్లుండే ఇంటి ముందు సిలువ తగలబెట్టారు. అక్కడ ఇంటిముందు సిలువ తగలబెట్టడమంటే చంపుతామని చెప్పడమన్నమాట. దాంతో విద్యార్థులంతా ఒక్కటై బస్సుల్ని బహిష్కరించారు, ఊరు ఊరంతా నడిచింది. అలబామాలో రోజా పార్క్స్ పేరు మన పిల్లల పాఠాల్లో కూడా అప్పుడప్పుడూ కనబడుతుంది గానీ, ఈ ఇద్దరి పేర్లూ ఎక్కడా కనబడవు. అందుకే పేర్లతో సహా రాశాను. 1960లో అదే యూనివర్సిటీ విద్యార్థిని ప్యాట్రీషియా స్టీఫెన్స్ తెల్లవాళ్ల భోజనం కౌంటర్ దగ్గర తోటివాళ్లతో కలిసి కూర్చుంది. జరిమానా కట్టం, జైలుకే పోతాం అని 49 రోజులు జైల్లో ఉన్నారు. ఆ కాలేజీ గోడల్లో ఇదంతా ఇంకిపోయి ఉంది.

సర్కారు ఊరుకుంటుందా? అక్కడి లా కాలేజీ సంగతి చూడండి. 1949లో వర్జిల్ హాకిన్స్ అనే నల్లాయన తెల్లవాళ్ల యూనివర్సిటీలో లా సీటుకి దరఖాస్తు పెట్టుకుంటే, నీకు ఇక్కడ చోటు లేదు అని చెప్పడం కోసం ఫ్లోరిడా పాలకులు ఈ నల్ల యూనివర్సిటీలో ఒక లా కాలేజీ పెట్టారు. అంటే అది చదువు కోసం కట్టింది కాదు, మడి కోసం కట్టింది. అయినా అందులోంచి నల్ల లాయర్లు పుట్టుకొచ్చారు. పుట్టుకొచ్చేసరికి ఏమైంది? డబ్బులు ఆపేశారు. అదే ఊళ్లో ఉన్న ఇంకో యూనివర్సిటీలో కొత్త లా కాలేజీ 1966లో తెరుచుకుంది. నల్లవాళ్లది 1968లో మూతపడింది. మళ్లీ తెరుచుకోడానికి 2002 దాకా పట్టింది, అదీ ఓర్లాండోలో. కానీ ఆ యూనివర్సిటీ బ్యాండు మేళం మాత్రం ఎవరికీ చేదు కాలేదు. 1989లో ఫ్రెంచి విప్లవం 200 ఏళ్ల పండగ చేసుకున్నప్పుడు పారిస్ వీధుల్లో అమెరికా తరఫున కవాతు చేసింది ఈ నల్లపిల్లల బ్యాండే. వాయించడానికి పారిస్ దాకా తీసుకుపోతారు. వాదించడం నేర్పే కాలేజీని మాత్రం మూసేస్తారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికే వస్తాం.

పారిస్ కవాతు జరిగిన మర్నాటి ఏడు, 1990లో, బ్రూక్లిన్ కుర్రాడు ఒకడు చదువుకోడానికి తలహసీ వచ్చాడు. అతనే ఎం-వన్. బ్రూక్లిన్ న్యూయార్క్‌లో భాగం. స్టిక్‌మ్యాన్‌ది తలహసీకి దక్షిణాన షేడ్‌విల్ అనే పల్లెటూరు. ఒకడు మహానగరం గల్లీ పిల్లాడు, ఇంకొకడు దక్షిణాది పల్లె పిల్లాడు. మామూలుగా అయితే ఒకడి మొహం ఒకడు చూసే పని లేదు. యూనివర్సిటీ దగ్గర కలిశారు. ఇద్దరికీ పాట పిచ్చి, ఇద్దరికీ రాజకీయం పిచ్చి. బ్లాక్ పాంథర్ల పుస్తకాలు, మాల్కం ఎక్స్ ప్రసంగాలు తిరిగేసే వయసు.

హాస్టల్లో చదువుకున్నవాళ్లకి ఇది చెప్పి అర్థంచేయించాల్సిన పనిలేదు. మా తరంలో సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పురుగులన్నం తిన్నామని అందరం చెబుతాం, అది నిజమే. ఆ అన్నం పళ్లేల దగ్గరే ఇంకోటి కూడా జరిగింది. డెల్టా మాల కుర్రాడూ మెట్ట మాదిగ కుర్రాడూ మొదటిసారి ఎదురుబొదురు కూర్చున్నారు. మీ ఊళ్లో బావి దగ్గర ఎట్లా? హోటల్లో గ్లాసులు ఎట్లా? అని ఒకర్నొకరు అడుక్కున్నారు. అప్పటిదాకా మా ఊరి పెద్దరెడ్డి ఒక్కడే దుర్మార్గుడనుకున్నవాడికి, ఇది ఒక్క ఊరి యవ్వారం కాదని తెలిసొచ్చింది. ఒక ఊరి బాధ ఒంటరిగా ఉంటే ఏడుపవుతుంది, రెండు ఊళ్ల బాధ కలిస్తే ప్రశ్నవుతుంది. షేడ్‌విల్ పిల్లాడికీ బ్రూక్లిన్ పిల్లాడికీ జరిగింది కూడా అదేనని నా నమ్మకం. పట్నం పోలీసూ పల్లె పోలీసూ ఒకే లాఠీ పట్టుకున్నారని తెలియాలంటే ఆ ఇద్దరూ ఒకచోట కలవాలి గదా.

ఇక పాట సంగతి. హిప్‌హాప్ అంటే కుర్రాళ్ల గెంతులని మనలో చాలామంది అనుకుంటారు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవంతి కింద హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే పిల్ల ఒక విందు పెట్టింది. ఎందుకని? బడి తెరిచే రోజులొచ్చాయి, కొత్త బట్టలు కొనుక్కోడానికి డబ్బులు కావాలి. ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50 సెంట్లు టికెట్టు. రికార్డులు తిప్పింది ఆమె అన్న, కూల్ హెర్క్ అని పిలుస్తారు. పాటలో దరువు ఒక్కటే మిగిలే చోటుని పట్టుకుని, రెండు రికార్డుల మీద దాన్నే మళ్లీ మళ్లీ సాగదీశాడు. ఆ దరువు మీద మాట ఎక్కింది. వాద్యాలు కొనే స్తోమత లేనివాళ్లు, పాత రికార్డులనే వాద్యం చేసుకున్నారు. గొడ్డుతోలు సాగదీసి డప్పు చేసుకున్న జాతికి ఈ విద్య వింతగా ఉండదు. బడిబట్టల కోసం పెట్టిన విందులో పుట్టిన పాట మీద ఇవాళ కంపెనీలు కోట్లు గడిస్తున్నాయి.

స్టిక్‌మ్యాన్, ఎం-వన్ కలిసిన వెంటనే రికార్డు చేతబట్టుకుని కంపెనీ గుమ్మం ఎక్కలేదు. ముందు ఉద్యమంలోకి పోయారు. ఎం-వన్ చికాగో పోయి ఉహురు ఉద్యమంలో మూడేళ్లు పనిచేశాడు. ఉహురు అంటే స్వాహిలీ భాషలో స్వేచ్ఛ. ఆ ఉద్యమానికి పెద్ద ఒమాలీ యెషిటేలా, ఫ్లోరిడా మనిషే. 1966లో సెయింట్ పీటర్స్‌బర్గ్ మునిసిపల్ ఆఫీసులో ఒక పెద్ద బొమ్మ ఉండేది. సముద్రం ఒడ్డున తెల్లవాళ్లు విహారానికి వచ్చి కూర్చుంటే, వాళ్ల ముందు నల్లవాళ్లు కోతుల్లాగా వాయిస్తూ పాడుతున్న బొమ్మ. తీసెయ్యండని అడిగితే తియ్యలేదు. ఆయనే పోయి గోడ మీంచి పీకేశాడు. దానికి రెండేళ్లకి పైగా జైలు. ముసలి వయసులో రష్యాకోసం పనిచేశాడని ఆయన మీద ఇంకో కేసు పెట్టారు. 2024లో టాంపా ఫెడరల్ కోర్టు జ్యూరీ కుట్ర నేరం మాత్రం నిలిచిందంది, అసలు ఏజెంటుగా పనిచేశాడన్న నేరం నిలవలేదంది. జైలు వెయ్యకుండా ప్రొబేషన్ వేశారు. ఆయన రాజకీయాలన్నిటితో మనం ఏకీభవించాలని లేదు. ఆ బొమ్మ పీకిన చెయ్యి మాత్రం మన చెయ్యే.

వీళ్లిద్దరి మొదటి ఆల్బం 2000 సంవత్సరంలో వచ్చింది. పేరు 'లెట్స్ గెట్ ఫ్రీ', విముక్తి పొందుదాం రండి అని. మొదట వినబడేది పాట కాదు, యెషిటేలా ప్రసంగం. మంచుదేశంలో తోడేలుని ఎట్లా చంపుతారో చెబుతాడాయన. కత్తికి నెత్తురు పూసి, పిడి మంచులో పాతి, మొన పైకి పెట్టి పోతారు. తోడేలు వచ్చి నాకుతుంది. నాలుక తెగి తన నెత్తురే కారుతుంటే, అది ఏదో దొరికిందని ఇంకా ఆబగా నాకుతుంది. నాకి నాకి అక్కడే చస్తుంది. నల్లపేటల్లోకి మత్తుమందు వచ్చింది అట్లాగేనంటాడు. అది నాకిన కుర్రాణ్ణి నేరస్తుడంటారు, కత్తి పాతినవాణ్ణి ఎవరూ అడగరు. ఈ కథ మన దూబగుంట ఆడవాళ్లకి చెబితే రెండో మాట అవసరముండదు. సారా పాకెట్లు ఊరూరా పంచి ఖజానా నింపుకున్న రోజులు వాళ్లు చూశారు. 1992లో నెల్లూరు జిల్లాలో ఆ కత్తిని మంచులోంచి పీకింది వాళ్లే.

బ్రాండ్ నూబియన్ అనే బృందంలోని లార్డ్ జమార్ వీళ్లని గుర్తించి కంపెనీకి చూపించాడు. లౌడ్ రికార్డ్స్ అనే కంపెనీ చేర్చుకుంది. డబ్బు బొమ్మని ఎగతాళి చేసిన పేరు పెట్టుకున్నవాళ్లు డబ్బున్న కంపెనీతోనే సంతకం చేశారేంటి అని దెప్పేవాళ్లకి ఒక్కటే జవాబు. దెప్పేవాళ్లంతా కలిసి ఒక ప్రెస్సు, ఒక స్టూడియో పెట్టి ఇచ్చుంటే సంతకం చెయ్యకపోదురు. మన పత్రిక కూడా ఎవరి ప్రెస్సులో అచ్చవుతోంది?

ఆ ఆల్బంలో నన్ను నిలదీసిన పాట 'దే స్కూల్స్'. వాళ్ల బడులు. బడిలో చెప్పేది మా బతుక్కి అక్కరకి రాదు, అందులో మా చరిత్ర లేదు, మా ఆకలికి జవాబు లేదు, అది వాళ్లకోసం వాళ్లు కట్టుకున్న యంత్రం అని ఆ పాట సారాంశం. మేష్టర్లం గనక నొచ్చుకోవాలేమో. నేను నొచ్చుకోలేదు. నాకు హైస్కూల్లో సోషలు చెప్పిన మేష్టరు ఒకాయన పాఠంలో అంబేద్కర్ పేరు రాగానే "ఇది మీరే చదువుకోండిరా" అని మా బెంచీ వైపు చూసి పేజీ తిప్పేసేవాడు. ఆ పేజీ తిప్పిన చప్పుడు ఇంకా చెవిలో ఉంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. ఆ చదువు నాకు అన్నం పెట్టింది. అన్నం పెట్టిన చెయ్యే పేజీ తిప్పింది. రెండూ నిజమే.

పాత పాటలే, ఇప్పుడేం సంబంధం అనకండి. 2023లో అదే ఫ్లోరిడా ప్రభుత్వం హైస్కూలు పిల్లలకి పెట్టాలనుకున్న ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర కోర్సుని కాదంది. అదే ఏడు జులైలో రాష్ట్ర విద్యాబోర్డు కొత్త పాఠ్యప్రణాళిక ఒప్పుకుంది. బానిసలు నేర్చుకున్న పనులు కొన్నిచోట్ల వాళ్ల సొంతానికి కూడా ఉపయోగపడ్డాయని పిల్లలకి చెప్పాలట! సంకెళ్లు వేసి కమ్మరిపని నేర్పాం గదా, ఇంకేం కావాలి అన్నట్టు. వెట్టి చేయించుకున్న దొర, నీకు వ్యవసాయం నేర్పింది నేనేగదరా అనడం మనం వినలేదా? ఇక్కడ మాత్రం తక్కువా? 12వ తరగతి రాజనీతిశాస్త్రం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ప్రజా ఉద్యమాల మీద ఒక పాఠం ఉండేది. దళిత పాంథర్స్ అందులో ఉన్నారు. మన నెల్లూరు సారా వ్యతిరేక పోరాటం అందులో ఉంది. 2022లో పిల్లలకి బరువు తగ్గిస్తున్నామని చెప్పి ఆ పాఠం మొత్తం ఎత్తేశారు. పిల్లల బరువు తగ్గించాలంటే తీసెయ్యడానికి దొరికింది మనమేనన్నమాట. పూర్వం ఒక మేష్టరు పేజీ తిప్పేవాడు, ఇప్పుడు పేజీనే లేదు.

అయితే ఆ పాటతో నాకొక పేచీ ఉంది. వాళ్ల బడులు అని పాడిన ఇద్దరూ కలిసింది ఒక బడి పుణ్యాన. ఆ బడిని కట్టించింది వాళ్లే, జాతిని విడదీయడానికే కట్టించారు. కానీ 1956లో బస్సెక్కిన పిల్లలు, 1960లో జైలుకెళ్లిన పిల్లలు దాన్ని మనది చేశారు. కాబట్టి బడి ఎవరిదన్నది కట్టించినప్పుడే తేలిపోదు. పాట విని, ఇంకేముంది, ఈ చదువులొద్దు అని మన కుర్రాళ్లు పుస్తకం విసిరేస్తే సంతోషించేవాళ్లు వేరే ఉన్నారు. మన సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని కూర్చున్నారు.

ఆడవాళ్ల సంగతీ అడగాలి. 2004లో వచ్చిన ఆల్బం పేరు 'రివల్యూషనరీ బట్ గ్యాంగ్‌స్టా'. విప్లవకారులమేగానీ వీధి రౌడీలం కూడా అని. పోలీసు తుపాకీకి ఎదురు నిలబడాలంటే ఆ పొగరు కావాలంటారు. కావచ్చు. కానీ ఆ పొగరంతా మగగొంతులోనే పలుకుతుంది. ఆ యూనివర్సిటీలో అసలు తిరుగుబాటుకి సీటు మీద కూర్చుని నాంది పలికింది ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ల చేతుల్లో తుపాకులు లేవు, బస్సు టికెట్లున్నాయి. మన పాటల బృందాల్లో కూడా కోరస్‌కి ఆడపిల్లలు, మైకు దగ్గర మగపిల్లలు కావడం చూస్తూనే ఉన్నాం. విరసం సభలోనైనా మన సభలోనైనా ఇదే తంతు.

ఇంకో ముక్క సరదాకి. 'బి హెల్తీ' అని వాళ్ల పాట ఒకటుంది. మాంసం మానండి, కాయా కసరూ తినండి అని. ఇది విని ఇక్కడి శాకాహార పెద్దలు చంకలు గుద్దుకోనక్కర్లేదు. నల్లపేటల్లో చవగ్గా దొరికేది డబ్బా తిండీ, నూనె తిండీ. బీపీలూ షుగర్లూ అందుకే. స్టిక్‌మ్యాన్ చిన్న వయసులోనే కీళ్లజబ్బుతో బాధపడి తిండి మార్చుకున్నాడు. ఆయన మాంసం మానింది ఒళ్లు బాగుపడ్డానికి, ఇంకొకణ్ణి వంటింట్లోకి రానివ్వకుండా ఉండడానికి కాదు. పెద్దకూర తిన్నందుకు మనుషుల్ని కొట్టి చంపుతున్న దేశంలో ఆ తేడా తెలియాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వీళ్లకి అన్నిటికంటే పేరు తెచ్చిన పాట 'హిప్‌హాప్'. కంపెనీల చేతిలో పడిన పాట గురించీ, పాట కన్నా పెద్దదైన బతుకు గురించీ పాడిన పాట. కింద నుంచి గరగరమని గీసుకుపోయే దరువు దానిది, ఒకసారి వింటే వదలదు. 2003లో డేవ్ చాపెల్ అనే నల్లజాతి హాస్యనటుడు టీవీలో ఒక షో మొదలెట్టాడు. అతను స్టేజీ మీదికి వచ్చేటప్పుడు మోగిన దరువు అదే. అమెరికా అంతా ఇంట్లో కూర్చుని విన్నారు. కానీ టీవీలో వచ్చింది దరువు ఒక్కటే. మాటల్లేవు! లక్షలమందికి ఆ చప్పుడు తెలుసు. దాని మీద ఎక్కిన మాట తెలిసినవాళ్లు అందులో ఎంతమంది?

చాపెల్‌ని తిట్టడానికి ఇది రాయడం లేదు. న్యాయంగా చెప్పాలంటే 2004లో బ్రూక్లిన్ వీధిలో జనం కోసం పాటల సభ పెట్టినప్పుడు అతనే ఈ ఇద్దర్నీ పిలిచి మైకిచ్చాడు, అక్కడ దరువుతోపాటు మాటా వినబడింది. అది సినిమాగా కూడా వచ్చింది. 2005లో 5 కోట్ల డాలర్ల ఒప్పందం వదిలేసి టీవీ నుంచి లేచిపోయాడు కూడా. తన హాస్యానికి ఎవరు ఎందుకు నవ్వుతున్నారో అతనికి అనుమానం వచ్చింది. మనిషి మంచివాడైనా పెట్టె తన పని తాను చేసుకుపోతుంది. పారిస్‌కి బ్యాండు పోయింది, లా కాలేజీకి తాళం పడింది. టీవీలోకి దరువు పోయింది, మాట బయట నిలబడింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ గోడ మీది బొమ్మలో ఉన్నది కూడా ఇదే గదా. వాయించండి, మాట్లాడకండి.

లౌడ్ కంపెనీ 2002లో మూతపడింది. వీళ్లు ఒక పెద్ద కంపెనీ చేతిలోంచి ఇంకో పెద్ద కంపెనీ చేతిలోకి పోయారు. ఆ సందులోనే 'టర్న్ ఆఫ్ ద రేడియో', అంటే రేడియో కట్టెయ్ అని, సొంతంగా పాటలు చేసి వదిలారు. 2012లో ఇంకో ఆల్బం. పెద్ద మేడలూ పెద్ద బహుమతులూ వీళ్ల కథలో లేవు. పైకొచ్చారు అంటే మనవాళ్లకి కారూ మేడా గుర్తొస్తాయి గనక చెబుతున్నా.

ఇది ఎక్కడో జరిగిందనుకుంటే పొరపాటు. ఊళ్లో జాతరకి డప్పు కావాలి, డప్పు కొట్టేవాడు గుడి మెట్టెక్కకూడదు. ఎమ్మెల్యే ఊరేగింపుకి డప్పు కావాలి, డప్పు కొట్టినవాడి ఇంటిస్థలం అర్జీ మాత్రం ఆఫీసులో బూజుపట్టిపోతుంది. సినిమాలో హీరోగారు మెడలో డప్పు వేసుకుని చిందేస్తాడు, థియేటరంతా ఈలలు. ఆ సినిమాలో డప్పు పుట్టిన పేట కనబడదు. కనబడినా హీరోగారు వచ్చి ఉద్ధరించేదాకా దానికి నోరుండదు. దరువు ఎత్తుకుపోవడం తేలిక. మాటని ఎత్తుకుపోలేరు, అందుకని వదిలేస్తారు. మన పాటగాళ్లలో కూడా ఈ బేరం దగ్గర జారినవాళ్లున్నారు. బాణీ అమ్మి మాట మార్చి రాసిచ్చారు. పిల్లల ఫీజులున్నవాడిని అంత తేలిగ్గా తిట్టలేను గానీ, మారిన ఆ మాట మాత్రం మనది కాదని చెప్పక తప్పదు.

మరి స్టిక్‌మ్యాన్, ఎం-వన్‌ల మాట ఇన్నేళ్లు ఎందుకు మారలేదు? నా లెక్క ప్రకారం, కంపెనీ చూసేసరికే వాళ్ల మాట తయారై ఉంది. కాలేజీలో కలుసుకున్నారు, ఉద్యమంలో అరిగారు, ఆ తర్వాతనే స్టూడియో మెట్టెక్కారు. ముందు స్టూడియోకి పోయి తర్వాత మాట వెతుక్కునేవాడికి కంపెనీయే మాట ఇస్తుంది. అందుకే వాళ్ల ఎదుగుదల గురించి అడిగితే ఏ కంపెనీ పేరూ చెప్పను. తలహసీ పేరు చెబుతాను.

ఆ తలహసీ చోటునే ఎండగడుతున్నారు. 2023లో అమెరికా కేంద్ర ప్రభుత్వ మంత్రులే ఫ్లోరిడా గవర్నరుకి ఉత్తరం రాశారు. తెల్లవాళ్ల కోసం కట్టిన పెద్ద యూనివర్సిటీకి ఇచ్చిన లెక్కన చూస్తే, ఈ నల్ల యూనివర్సిటీకి 1987 నుంచి 2020 దాకా దాదాపు 200 కోట్ల డాలర్లు తక్కువ ఇచ్చారని లెక్కగట్టారు. పాట ఆపాలంటే పాటగాణ్ణి జైల్లో పెట్టక్కర్లేదు. ఆ ఇద్దరు కలిసే గది పైకప్పు బాగుచెయ్యకపోతే చాలు. మన స్కాలర్‌షిప్పులు ఏళ్ల తరబడి ఆలస్యమవుతున్నాయన్నా, హాస్టళ్లు అద్దె కొంపల్లో నడుస్తున్నాయన్నా, డబ్బుల గొడవగానే మాట్లాడతాం, అర్జీలు పెడతాం. కానీ అవతలివాడికి ఆ గది విలువ మనకన్నా బాగా తెలుసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములనీ మరో నలుగురు విద్యార్థుల్నీ శిక్షించాలనుకున్నప్పుడు ఏం చేశారు? హాస్టల్ గదుల్లోంచి బయటికి గెంటారు.

మన హాస్టళ్లలో, యూనివర్సిటీ గదుల్లో కలిసి, అక్కడే పాట కట్టడం మొదలుపెట్టిన జంటలు, బృందాలు మీకు తెలిసినవి ఉంటే రాసి పంపండి. ఏ హాస్టలు, ఏ సంవత్సరం, మొదటి పాట దేనిమీద కట్టారు, ఆ గది ఇప్పుడు ఉందా, ఉంటే ఎవరుంటున్నారు అన్నది తప్పకుండా రాయండి. ఆడపిల్లల హాస్టళ్ల సంగతులు ముందు వేస్తాం. పాట మాటలు పూర్తిగా రాయండి. బాణీ తర్వాత అడుగుతాం.